సెకను దర్శనం

స్కానింగ్‌లో పడుకున్న మనిషి తల కాస్త కదిపితే చాలు, మెదడు బొమ్మలో చెరువులో రాయి వేసినట్టు అలలు వస్తాయి. అట్లా పాడైనవాటిని ముందే ఏరేయాలి. ఏరడానికి నిపుణులు చాలడం లేదని అమెరికాలో బ్రెయిండర్ అని ఒక ఆట పెట్టారు. బొమ్మ బాగుంటే కుడికి తోయాలి, పాడైతే ఎడమకి. పెళ్ళిచూపులకన్నా సులువు. 261 మంది కలిసి 80,000కు పైగా తీర్పులు చెప్పారు. 2019లో పరిశోధన పత్రమూ వచ్చింది.

ఇంత పని పెట్టుకుని తిరుపతిని అడగలేదు చూడండి, అదీ నా బాధ. 'జరగండి, జరగండి' అని భుజం పట్టి లాగేస్తున్నా, మెడ వెనక్కి తిప్పి, ఆ ఒక్క సెకనులో స్వామి కట్టిన పట్టు రంగు, వేసిన మాలలు, ముఖంలో కళ అన్నీ చూసేసి, కొండ దిగేదాకా వర్ణించే జనం మనం. మసక మెదడును కనిపెట్టలేమా? వైకుంఠం కాంప్లెక్సులో గంటలకొద్దీ ఖాళీగానే కూర్చుంటాం. సెల్లు లోపలికి రానివ్వరు కాబట్టి బొమ్మలు టీవీలో వేస్తే సరి. 'గోవిందా' గట్టిగా వినిపిస్తే పాస్.

పేరు రాదేమోనన్న దిగులూ అక్కర్లేదు. ఎలుక కంటి నరాలు గుర్తించే ఐవైర్ ఆటగాళ్ళను 2014లో నేచర్ పత్రిక వ్యాసంలో రచయితల వరసలోనే చేర్చారు.

ముందుగా లీలామహల్ దగ్గర టీ అంగట్లో మా వాడి మీద ప్రయోగించాను. ఫోన్‌లో ఒక మెదడు బొమ్మ చూపించాను.

"ఎవురిదిన్నా ఇది? మనోళ్ళదేనా?"

"పేర్లుండవు. బాగుందా లేదా, అంతే."

"ఎవురిదో తెలీకుండా బాగుందో లేదో ఎట్ల చెప్పేది?"

నిజమే, ఇంతవరకూ మనం అట్లా చెప్పిన దాఖలా లేదు. ఇంకో చిక్కూ ఉందన్నాను. ఎవరి తీర్పు నిపుణుల తీర్పుతో ఎంత కలుస్తుందో చూసి, కంప్యూటర్ వాళ్ళ మాటకు అంత బరువు ఇస్తుంది. టీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు. "అంటే నా మాటకు కిలో, ఇంకొకడి మాటకు రెండు కిలోలా?"

గొడవెందుకని నిజం చెప్పేశాను. "నాదేలేరా. పోయినేడు తలనొప్పొస్తే తీయించుకున్నా."

బొమ్మ వంక మళ్ళీ చూడనైనా చూడకుండా, బొటనవేలితో ఎడమకి తోసేశాడు.