కస్తూరివారి సంబంధం

2024లో ప్రజాసంబంధాల లోకంలో ఒక పెద్దింటి పెళ్ళి జరిగింది. మనకు శుభలేఖ రాలేదు. పిల్ల వయసు 97. ఇంటిపేరు హిల్ అండ్ నోల్టన్, అమెరికాలో పుట్టిన ప్రచార సంస్థ. కులవృత్తి ఊరివాళ్ళ పేర్లు చెడకుండా చూడటం. పెళ్ళితో, అంటే సాటి సంస్థతో విలీనం కావడంతో, ఆ ఇంటిపేరు కాస్తా పోయి, ఇకమీదట బర్సన్‌వారు అయ్యారు. అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ చూడనిదే సంబంధం ఖాయం చేయరాదు కనుక, ఆలస్యంగానైనా విచారించాను.

పుట్టిల్లు అమెరికాలో క్లీవ్‌లాండ్. జాన్ హిల్ అనే పాత్రికేయుడు 1927లో సొంతంగా ఈ దుకాణం తెరిచి, కంపెనీల గురించి పత్రికలు ఏం రాస్తే బాగుంటుందో చూసే బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. మాంద్యంలో ఆయన పనిచేసిపెట్టే బ్యాంకు మునిగింది. ఆ బ్యాంకు ప్రచార వ్యవహారాలు చూసుకున్న డాన్ నోల్టన్ 1933లో భాగస్వామి అయ్యాడు. అంతకంటే అనుభవం ఇంకేం కావాలి! తర్వాత ఉక్కు కంపెనీల పని మీద హిల్ న్యూయార్క్ చేరాడు. నోల్టన్ క్లీవ్‌లాండ్‌లోనే ఉండిపోయాడు, ఆయన పేరు మాత్రం హిల్ వెంట వెళ్ళింది.

వంశానికి అసలు కీర్తి 1953 డిసెంబరులో వచ్చింది. సిగరెట్ తారు ఎలుకల వీపున పూస్తే కంతులు లేస్తున్నాయని వైద్యులు తేల్చారు. పొగాకు కంపెనీల పెద్దలు న్యూయార్క్ ప్లాజా హోటల్లో కూర్చుని హిల్‌కి కబురంపారు. మామూలు బుర్రయితే ‘మా సిగరెట్ మంచిదే’ అని బుకాయించమనేది. హిల్ ‘పరిశోధిద్దాం’ అనమన్నాడు. పెట్టబోయే కమిటీ పేరులో ‘పరిశోధన’ అన్న మాట ఉండి తీరాలన్నాడు. 1954 జనవరి 4న 400కు పైగా పత్రికల్లో ‘పొగతాగేవారికి నిష్కపట ప్రకటన’ అచ్చయింది. మాకు మా వ్యాపారం కన్నా మీ ఆరోగ్యమే ముఖ్యమని దాని సారం. పరిశోధన దశాబ్దాలు సాగింది. ‘ఇంకా తేలలేదు’ అన్న సంగతి మాత్రం ఎప్పటికప్పుడు తేలుతూనే ఉంది. హిల్ అప్పటికే సిగరెట్ మానేశాడు. తన మటుకు పరిశోధన ముగించుకున్నాడన్నమాట.

1980లో సంస్థ జె.వాల్టర్ థాంప్సన్ అనే ప్రకటనల కంపెనీ చేతికి, 1987లో ఇద్దరూ కలిసి బ్రిటిష్ కంపెనీ డబ్ల్యూపీపీ చేతికి వెళ్ళారు. ఆ పొడి అక్షరాల విడమరుపు వైర్ అండ్ ప్లాస్టిక్ ప్రొడక్ట్స్, తీగబుట్టలు అల్లిన కంపెనీ. జనాన్ని బుట్టలో వేసేవాళ్ళు చివరికి బుట్టలవాళ్ళ బుట్టలోనే పడ్డారు.

1990లో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించింది. ‘స్వేచ్ఛా కువైట్ పౌరులు’ అనే సంఘం కోటి డాలర్లకు పైగా ఇచ్చి వీరిని పెట్టుకుంది. పౌరులన్నది పేరుకే, సొమ్ము దాదాపు అంతా కువైట్ ప్రభుత్వానిదే. సంస్థ వాషింగ్టన్ పెద్ద క్రెయిగ్ ఫుల్లర్, అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్ అంతకుముందు ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆయన కార్యాలయ అధిపతి. అక్టోబర్ 10న పదిహేనేళ్ళ నయీరా అమెరికా చట్టసభ సభ్యుల ముందు కన్నీళ్ళు పెట్టుకుంది. ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో ఇంక్యుబేటర్ల నుంచి పసికందులను తీసి చల్లని నేలమీద వదిలేశారంది. భద్రత కోసమని అమ్మాయి ఇంటిపేరు చెప్పలేదు. దేశమంతా కదిలింది, అధ్యక్షుడు బుష్ ఆ కథ మళ్ళీ మళ్ళీ చెప్పాడు, యుద్ధం కూడా అయిపోయింది. 1992లో ఇంటిపేరు బయటపడింది: అల్ సబా. అమెరికాలో కువైట్ రాయబారి కూతురు. ఆ ఇంక్యుబేటర్ల కథకు ఆధారాలు లేవని మానవహక్కుల సంఘాలు తేల్చాయి. ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు’ అని మనవాళ్ళు అంటారుగానీ, ఆ ఇంటిపేరే దాచేయవచ్చని మన పెద్దలకు తట్టనే లేదు.

ఇక మొగపెళ్ళివారి సంగతి. వారూ డబ్ల్యూపీపీవారే. సగోత్రం పనికిరాదంటారు, ఇక్కడ ఏకంగా ఒకే బుట్ట. అయినా వంశం చిన్నదేం కాదు. 1984లో భోపాల్‌లో విషవాయువుకు వేలమంది పోయాక, యూనియన్ కార్బైడ్ పేరు చూసుకునే పనికి కుదిరింది ఈ బర్సన్‌వారే. జాతకాలు చూడక్కర్లేని సంబంధం.