అలాక్రిటీ అంటే వేగం ఒక్కటే కాదు
అలాక్రిటీ (alacrity) అనే ఇంగ్లీషు మాటకు ‘త్వరితగతి’ అన్న అర్థం చాలునని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు గానీ, అందులో ముఖ్యమైనది వేగం కాదు, ఇష్టంగా సిద్ధపడటం. ‘ఉత్సాహం గల’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి అది పుట్టింది. సంగీతంలో చురుకైన నడకకు పేరైన ఇటాలియన్ మాట అల్లెగ్రో కూడా ఆ మూలానిదే. అందువల్ల యజమానికి భయపడి పరుగెత్తేవాడి తొందరకు ఈ మాట అతకదు. మా అనంతపురం పల్లెలో, శనక్కాయలు కళ్లంలో ఉండగా మబ్బు కమ్మిన ఒక సాయంత్రం, మేము పిలవకముందే పక్కింటి పెద్దమ్మ సంగటి ముద్దను పళ్లెంలోనే వదిలి, చెయ్యి కడుక్కొని, నవ్వు ముఖంతో టార్పాలిన్ పట్ట చంకన పెట్టుకొని వచ్చేశారు. ఆమె రాకను ‘త్వరితగతి’ అంటే ఆ నవ్వు జారిపోతుంది. ‘సంసిద్ధత’ అన్నా కొంత పొడిగానే ఉంటుంది. ‘సంతోషంగా, తక్షణమే ముందుకు రావడం’ అని విడమరచి రాయడమే మేలని నా అభిప్రాయం.