ఫొటోకి కవచధారణ

మనిషి సన్‌స్క్రీన్ రాసుకుంటే సోకు, ఫొటో ప్రింటుకి రక్షణ స్ప్రే కొడితే శాస్త్రం. ఈ తేడా తెలియకే మన గోడల మీద పెద్దలు ఏడాదికో రంగు మారుతున్నారు.

మా నాన్న షష్టిపూర్తి ఫొటోనే చూడండి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ ఉండగా స్టూడియోకి డబ్బులెందుకని, చవక రీఫిల్ ఇంకు పోసి నేనే ప్రింట్ తీశాను. ఫ్రేమ్ రేపు కట్టిద్దాం, ఎల్లుండి కట్టిద్దాం అనుకుంటూ కిటికీ ఎదురుగా టేపుతో అంటించాను. రెండు వేసవులకే నీలం పారిపోయింది. చుట్టాలంతా ఆవకాయ ముద్ద మింగినట్టు ఎర్రబడ్డారు. పక్కనే తాతయ్య నలుపు తెలుపు ఫొటో, అరవయ్యేళ్లుగా కుంకుమ బొట్టు మోస్తూ కూడా చెక్కుచెదరలేదు. ఆయన ముందు సిగ్గుతో ఎర్రబడ్డారేమో అని సరిపెట్టుకున్నాను.

అసలు సంగతి వేరు. ఫొటో కాగితం పూతలో కంటికి కనపడని సందులుంటాయి. ఇంకు ఇట్టే ఆరేది వాటివల్లే, గాలిలోని ఓజోన్ దూరి రంగును కొరికేదీ ఆ సందుల్లోంచే. ఎండ సాయం ఎలాగూ ఉంది. సన్నటి రంగు రేణువులుండే పిగ్మెంట్ ఇంకు కాస్త మొండిది గానీ, నేను పోసింది రంగు పూర్తిగా కరిగిపోయి ఉండే డై ఇంకు, ఇట్టే లొంగిపోయే రకం. ప్రింటు మీద కొట్టే ఆ రక్షణ స్ప్రే పారదర్శకమైన పూతలా పరుచుకుని ఆ సందులు పూడ్చేస్తుందట. మళ్లీ ప్రింట్ తీసి, డబ్బా తెప్పించాను. ధర చూసి మా ఆవిడ, "ఈ డబ్బుతో మావయ్యగారికి ఇంకో షష్టిపూర్తి చేయించొచ్చండీ" అంది.

డబ్బా మీది నియమాలు ఏ వ్రతవిధానానికీ తీసిపోవు. ప్రింట్ ఒక రోజంతా ఆరాలి. డబ్బాను బాగా కుదిపి, జానెడు దూరం నుంచి, కాగితం అంచు బయట మొదలుపెట్టి అవతలి అంచు దాటాకే ఆపాలి. దట్టంగా ఒక్కసారి కాదు, పల్చగా మూడు పూతలు. మంట దగ్గర్లో ఉండకూడదు. దాంతో దేవుడి గదిలో దీపం కొండెక్కించాల్సి వచ్చింది. "పూజ ఆపించే శాస్త్రం ఏం శాస్త్రంరా!" అంది అమ్మ.

ముహూర్తం శ్రావణమాసం, స్థలం కాకినాడలో మా డాబా. గాలిలో తేమ ఎక్కువైతే పూత తెల్లబడుతుందని డబ్బా మీద రాసే ఉంది. చిన్న అక్షరాలు చదవడం మా వంశంలో లేదు. అయిదు నిమిషాల్లో దంపతులిద్దరూ పొగమంచులో కలిసిపోయారు. నాన్న కళ్లజోడు సర్దుకుని, "మేం అరకు ఎప్పుడెళ్లాంరా?" అన్నారు.

సంక్రాంతి వెళ్లాక, పొడి ఎండలో మరో ప్రింట్ మీద మళ్లీ పట్టాను. ఈసారి అద్భుతం! నలుపు చిక్కబడింది, అమ్మ పట్టుచీర జరీ తేలింది. మూడో పూత తడి ఆరకముందే ఓ దోమ వచ్చి సరిగ్గా నాన్న బుగ్గ మీద వాలింది. లాగితే రంగు ఊడుతుందని వదిలేశాను.

మొన్న అమ్మ అలవాటుగా ఆ ఫొటోని తడిగుడ్డతో గట్టిగా తుడిచేసింది. గుండె ఆగినంత పనైంది. రంగు చెదరలేదు. దోమ కూడా కదల్లేదు.