నేల తేమ కాదు, మొక్క లోపలి నీటి ఒత్తిడి చూడాలి

అడవి ఎండినప్పుడల్లా వర్షపాతం లెక్కలు, నేల తేమ శాతాలు ముందుకొస్తాయి. అదే నేలలో ఒక జాతి చచ్చి, పక్కనే ఉన్న ఇంకో జాతి ఎందుకు బతికిందో మాత్రం అవి చెప్పవు.

2002-03 కరువులో అమెరికా నైరుతి ప్రాంతంలో పిన్యాన్ పైన్ చెట్లు విస్తారంగా చనిపోయాయి. వాటితో కలిసి పెరిగే జూనిపర్లు చాలావరకు నిలబడ్డాయి. నీటిని ఎక్కువ పొదుపు చేసింది మాత్రం చనిపోయిన పైన్ చెట్టే. లోపలి నీటి ఒత్తిడి మైనస్ 2 మెగాపాస్కల్స్ (మెగాపాస్కల్ ఒత్తిడికి కొలమానం; మైనస్ అంటే నీరు లాగుడులో ఉందని, మైనస్ ఎంత పెరిగితే మొక్క అంత ఎండినట్టు) దరిదాపులకు రాగానే అది పత్రరంధ్రాలు మూసేస్తుంది. నీరు ఆగుతుంది, దాంతోపాటే కార్బన్ డయాక్సైడ్ రావడమూ ఆగుతుంది. మూత నెలల తరబడి సాగితే ఆహార నిల్వలు తరుగుతాయి, బెరడు పురుగును అడ్డుకునే జిగురు తయారీ తగ్గుతుంది. జూనిపర్ అంతకంటే ఎండిన స్థితిలోనూ రంధ్రాలు కొంత తెరిచే ఉంచుతుంది. దాని దారునాళాలు, అంటే వేళ్ల నుంచి ఆకులకు నీరు మోసే గొట్టాలు, ఆ లాగుడును ఓర్చుకోగలవు.

ఆ లాగుడే అసలు విషయం. దారునాళాల్లో నీటిని ఆకులే పైనుంచి లాగుతాయి. లాగుడు హద్దు మీరితే నాళాల్లోకి గాలి చొరబడి నీటి ధార తెగిపోతుంది. చాలా నాళాలు అలా పాడైతే తర్వాత వాన పడినా ఆకులకు నీరందదు. 81 ప్రాంతాల్లోని 226 అటవీ జాతులపై 2012లో వచ్చిన విశ్లేషణ ప్రకారం వాటిలో దాదాపు 70 శాతం ఈ హద్దుకు 1 మెగాపాస్కల్ కన్నా తక్కువ దూరంలోనే బతుకుతున్నాయి. వానలు బాగా పడే అడవులకూ ఇది వర్తిస్తుంది. అందుకే తడి అడవికి కరువు భయం లేదన్న ధీమా నాకు లేదు.

పాఠ్యపుస్తకాల్లో కనిపించే మైనస్ 1.5 మెగాపాస్కల్స్ శాశ్వత వడలు స్థాయిని (మొక్క వడలి ఇక తేరుకోలేని స్థాయిని) కూడా అన్ని మొక్కలకూ అంటగట్టకూడదు. పొద్దుతిరుగుడు లాంటి పంట మొక్కలకు అది సరిపోతుంది. సముద్రపు నీటి ఉప్పు వల్లే మడ చెట్లకు మైనస్ 2.5 దాకా తప్పదు. క్రియోసోట్ లాంటి ఎడారి పొద మైనస్ 5 దగ్గర కూడా కిరణజన్య సంయోగక్రియ సాగిస్తుంది.

మొక్క లోపలి నీటి ఒత్తిడిని కొలిచే ప్రెషర్ చాంబర్ అనే పరికరాన్ని 1965లో షోలాండర్ అనే శాస్త్రవేత్త బృందం ప్రాచుర్యంలోకి తెచ్చింది. (ఎత్తైన డగ్లస్ ఫర్ కొమ్మలను వాళ్లు తుపాకీతో కాల్చి దించారు!) పద్ధతి సులువే. ఆకును సంచిలో కప్పి కోసి, కాడ కొన బయటికి ఉండేలా చాంబర్‌లో బిగించి, నైట్రోజన్‌ను మెల్లగా ఎక్కించాలి. కోసిన చోట నీరు చెమ్మగిల్లిన క్షణాన కనిపించే ఒత్తిడికి మైనస్ గుర్తు పెడితే అదే విలువ. తప్పులు ఎక్కువగా తొందరలోనే జరుగుతాయి. గ్యాస్ వేగంగా ఎక్కిస్తే చెమ్మ కనపడేలోపే ముల్లు ముందుకెళ్లిపోతుంది. సంచి లేకపోతే కోశాక కూడా ఆకు ఆరిపోతూ ఉంటుంది. పైన్ జాతుల్లో జిగురు బుడగలను నీరనుకోవడం మామూలే.

తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలవాలి. రాత్రి రంధ్రాలు మూసుకుంటే మొక్క వేళ్ల చుట్టూ ఉన్న నేలతో సమతుల్యానికి వస్తుంది కాబట్టి మొదటి విలువ వేళ్లకు అందుతున్న తడిని చెబుతుంది. వారాలు గడిచేకొద్దీ ఇది పడిపోతున్నా మధ్యాహ్నపు విలువ ఒకేచోట నిలిస్తే అది పైన్ లాగా రంధ్రాలు మూసుకునే రకం. రెండూ కలిసి దిగితే జూనిపర్ లాగా తెగించే రకం. రాత్రి కూడా నీరు వదిలే జాతుల్లో మొదటి విలువ నేల ఉన్నదానికన్నా పొడిగా ఉన్నట్టు చూపిస్తుంది.

కుండీ పరీక్షలతో కరువును తట్టుకునే జాతులను ఎంపిక చేయడంపై నా అభ్యంతరం ఇక్కడే. చిన్న కుండీ కొద్ది రోజుల్లోనే ఎండిపోతుంది. అడవి నేల ఎండటానికి వారాలు పడుతుంది. కణాల్లో చక్కెరలు, లవణాలు పోగేసి వడలే స్థాయిని కిందికి దించుకోవడానికి మొక్కకు ఆ వారాలు కావాలి. లోతుకు దిగే వేరుకు కుండీలో చోటే లేదు. అక్కడ ఓడిన జాతి బయట గెలవవచ్చు. కుండీ తప్పదనుకుంటే కనీసం పొడవైన గొట్టాల్లో పెంచి, నీటిని ఒక్కసారిగా ఆపకుండా అంచెలంచెలుగా తగ్గించాలి.