ఇటలీలో తిండి దొరకదని ఇంకోసారి అనకండి

మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకరు ఇటలీ టూర్ ముగించుకుని వచ్చి మెసేజ్ పెట్టారు. "దేశం బాగుంది, తిండి మాత్రం దండగ. రొట్టె ముక్కలకి కూడా డబ్బులు గుంజారు. ఎనిమిది రోజులూ మన ఆవకాయే దిక్కయింది." కింద వరసగా అందరూ అవునవునన్నారు. నా మనసు చివుక్కుమంది. నేను ఇటలీలోని బొలోన్యా ఊళ్లో ఉండబట్టి ఆరేళ్లయింది. ఏటా ఎండాకాలం సెలవుల్లో ఇదే మాట వింటున్నాను.

ముందు టైమ్ సంగతి. ఇక్కడ మధ్యాహ్న భోజనం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా. ఆ తర్వాత వంటగది మూసేస్తారు. మళ్లీ రాత్రి ఏడున్నరకి తెరుస్తారు, ఇటలీ దక్షిణాదిలో అయితే ఎనిమిది దాటాకే జనం వస్తారు. మనవాళ్లు కొలోసియం అంతా తిరిగి మూడున్నరకి నకనకలాడుతూ బయటికొస్తారు. ఆ వేళ తెరిచి ఉండేవి చాలావరకు టూరిస్టుల మీదే నడిచే చోట్లు. గుమ్మం ముందు ఒకతను నిలబడి రమ్మని పిలుస్తుంటాడు, మెనూ నిండా ఫొటోలుంటాయి. అక్కడ తిన్న చల్లారిపోయిన పాస్తాని బట్టి ఒక దేశం వంటకే వంక పెడితే ఎలా? మన ఊళ్లో రైల్వే స్టేషన్ ఎదురుగా పొద్దుటి ఇడ్లీ సాయంత్రం తిని, తెలుగువాళ్లకి వంట రాదని ఎవరైనా అంటే ఊరుకుంటామా? ఆ టైమ్‌లో ఆకలేస్తే 'పిజ్జా అల్ తాల్యో' అన్న బోర్డు వెతుక్కోండి. కావలసినంత ముక్క కోసి, తూకం వేసి ఇస్తారు. చవక, వేడిగా ఉంటుంది.

ఇక ఆ రొట్టె డబ్బులు. దాన్ని కొపెర్తో అంటారు. మనిషికి మామూలుగా 1 నుంచి 3 యూరోలు, మెనూలో ఏదో మూల రాసే ఉంటుంది. టేబుల్ మీద గుడ్డకీ, రొట్టెకీ, కూర్చున్నందుకూ అన్నమాట. ఇటలీవాళ్లూ అదే కడతారు. రోమ్ ఉన్న లాట్సియో ప్రాంతంలో 2006లో చట్టం చేసి కొపెర్తో తీసేశారు, అక్కడ రొట్టెకి మాత్రం వేసుకోవచ్చు. రొట్టె వద్దనుకుంటే ముందే చెప్పండి. టిప్పు ఇచ్చి తీరాలన్న బలవంతం ఎక్కడా లేదు.

మోసమే లేదని నేననను. రెండేళ్ల కిందట సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో మా బాబాయి మెనూలో 7 యూరోలని చూసి చేప చెప్పారు. బిల్లు 63 వచ్చింది. ఆ 7 పక్కన చిన్న అక్షరాల్లో 'ఎత్తో' అని ఉంది. ఎత్తో అంటే 100 గ్రాములు. చేప 900 గ్రాములు తూగింది. వండే ముందు ఆ ముక్క చెప్పాల్సింది, వాళ్లు చెప్పలేదు. బాబాయి ఆ రాత్రంతా మాట్లాడలేదు. అందుకే చేప చెప్పేటప్పుడు మొత్తం ఎంతవుతుందో ముందే అడిగేయండి, మొహమాటపడొద్దు.

నాకు నిజంగా కోపం వచ్చేది మాత్రం ఇటలీవాళ్ల భోజనానికి ఒక వరస ఉందని మనం ఒప్పుకోకపోవడం దగ్గర. పెరుగన్నంతో మొదలుపెట్టి చివర్లో పప్పు కలుపుకునేవాళ్లని మనం వింతగా చూడమా? వాళ్లకీ అంతే. ముందు ప్రీమో, అంటే పాస్తా, అన్నం, సూప్ లాంటివి. తర్వాత సెకొందో, మాంసమో చేపో. కూరగాయలు విడిగా చెప్పుకోవాలి. అన్నీ తినాలని లేదు, ఒక్క ప్రీమో తిని లేచినా ఎవరూ ఏమీ అనరు. పాలు పోసిన కపుచ్చీనో కాఫీ పొద్దున తాగేది. కడుపు నిండా తిన్నాక అన్ని పాలేమిటని వాళ్ల బాధ. పిజ్జా మనిషికొకటి. ఆరుగురు కూర్చుని రెండు పిజ్జాలు చెప్పి, ఖాళీ ప్లేట్లూ కెచప్పూ అడిగితే పెట్టేవాడి మొహం ఎలా మారుతుందో నేను చూశాను. కారం కావాలంటే 'పెపెరొంచీనో' అని అడగండి. ఎండుమిరప పొడో, మిరపకాయలు నానిన నూనో సంతోషంగా తెచ్చిస్తారు.

శాకాహారులకి మాత్రం కొన్ని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇవి టూర్ గైడ్లు చెప్పరు. పార్మిజానో రెజ్జానో చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో. పెకొరీనో రొమానో అనే చీజ్‌కి గొర్రెపిల్లది. పట్టింపు ఉన్నవాళ్లు పాస్తా మీద చీజ్ వద్దని ముందే చెప్పాలి. ఎర్రగా టమాటా సాస్‌లా కనిపించే అమత్రిచానా పాస్తాలో పంది బుగ్గ మాంసం ఉంటుంది. రిసోత్తో అనే అన్నం వంటకాన్ని చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు. మరీనారా పిజ్జా పేరు విని చేపలనుకుని వదిలేస్తారు గానీ, అందులో టమాటా, వెల్లుల్లి, ఒరేగానో, ఆలివ్ నూనె, అంతే. చీజ్ కూడా ఉండదు. 'పెపెరోని' అంటే ఇక్కడ మాంసం కాదు, క్యాప్సికం.

మా అమ్మ ఉల్లిపాయ వేసినా అనుమానంగా చూసే మనిషి. కిందటేడు పూల్యా ప్రాంతంలో, లెచ్చె అనే ఊళ్లో ఒక చిన్న భోజనశాలకి తీసుకెళ్లాను. బ్యాగులో ఆవకాయ సీసా ఉంది. 'ఫావె ఎ చికోరియా' తెప్పించాను. ఒక రకం పెద్ద చిక్కుడు గింజల్ని మెత్తగా ఉడికించి మెదిపి, పక్కన కాస్త చేదుగా ఉండే ఆకుకూర వేసి, పైన పచ్చి ఆలివ్ నూనె పోస్తారు. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది మన పప్పేనే! నెయ్యి బదులు నూనె పోశారు, అంతే కదా" అంది. ఆకుకూర పప్పులో కలిపేసుకుంది. అక్కడివాళ్లూ అలాగే తింటారు. చివర్లో ప్లేటులో కాస్త మిగిలితే వడ్డించే పెద్దావిడ రొట్టె ముక్క చూపించి, ప్లేటు తుడుచుకుని తినమని సైగ చేసింది. దానికి 'స్కార్పెత్తా' అని పేరే ఉంది. అమ్మ ప్లేటు అద్దంలా చేసింది. ఆవకాయ సీసా మూత తియ్యలేదు.

టూర్ కంపెనీలవాళ్లని నేను అడిగేది ఒక్కటే. రోజూ సాయంత్రం ఆరింటికే బస్సులో ఎక్కించి ఇండియన్ బఫేకి తోలుకెళ్లకండి. ఎనిమిది రాత్రుల్లో కనీసం రెండు రాత్రులు జనాన్ని వదిలేయండి. ఎనిమిదింటికి, మెయిన్ స్క్వేర్ నుంచి నాలుగు సందులు లోపలికి నడిచి, ఊళ్లోవాళ్లు కూర్చున్న చోట కూర్చోనివ్వండి.