పూసలు గుచ్చిస్తారటగా?

మానసిక జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లను చేర్చుకునే అక్యూట్ సైకియాట్రీ వార్డులో, రోజువారీ పనులు చేయిస్తూ చికిత్స చేసే ఆక్యుపేషనల్ థెరపిస్టునని చెప్పగానే నాకు ఎదురయ్యే ప్రశ్న ఇదే. బయటివాళ్లు అడిగితే నవ్వి ఊరుకుంటాను. వార్డులో పనిచేసే డాక్టర్లే "ఏదో ఒకటి చేయించండి, వాళ్లు బిజీగా ఉంటే మాకూ ప్రశాంతం" అంటే మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ మంటే ఈ పోస్టు. పొడుగ్గానే ఉంటుంది, ఓపికుంటే చదవండి.

అవును, పూసలు గుచ్చిస్తాను. టీ కూడా పెట్టిస్తాను. ఆ దండతో నాకేం పనిలేదు, గుచ్చుతున్నంతసేపూ మనిషిని గమనించడమే నా పని. టీ సంగతే చూడండి. గిన్నె కోసం తనే వెతికాడా, ఎవరైనా అందిస్తారని నిలబడిపోయాడా? నీళ్లు మరిగేలోపు ధ్యాస ఎటో పోయి పొయ్యి సంగతే మరిచాడా? చక్కెర బదులు ఉప్పు పడితే, తాగాక అయినా తెలిసిందా? తెలిశాక సరిదిద్దుకున్నాడా, అలాగే తాగేశాడా? "గొంతులు ఇంకా వినిపిస్తున్నాయా?" అని రౌండ్స్‌లో అడిగితే, ఇంటికెళ్లే తొందరలో ఉన్న ఎవరైనా "లేదు సార్" అనేస్తారు. పొయ్యి ముందు నిలబడి అలా తప్పించుకోవడం కష్టం.

నలుగురినీ కూర్చోబెట్టి పని చేయించే గ్రూపులో ఒక్కోసారి ఒకరు రెండు నిమిషాలు కూడా కూర్చోలేరు. లేస్తారు, తిరుగుతారు, మళ్లీ కూర్చుని కాళ్లు ఆడిస్తారు. కేస్ షీట్లో 'సహకరించడం లేదు' అని పడిపోతుంది. నిజానికి ఆ మనిషికి చేయాలనే ఉంటుంది, ఒళ్లే కుదురుగా ఉండనివ్వదు. భ్రమలు, గొంతులు వినిపించడం లాంటివి తగ్గించే యాంటీసైకోటిక్ మందులతో రాగల అకథీసియా, అంటే కుదురుగా ఉండలేని అవస్థ, కావచ్చు అది. జబ్బు ముదిరిందనుకుని డోసు పెంచారా, బాధ ఇంకా పెరుగుతుంది. మంచం పక్కన రెండు నిమిషాలు నిలబడి వెళ్లేవాళ్ల కంటే, బల్ల దగ్గర గంటసేపు పక్కన కూర్చున్నవాళ్ల కంటికి ఇది ముందు పడుతుంది. అదే చెబితే "మీరు క్రాఫ్ట్ చూసుకోండి" అన్నట్టు ఒక చూపు.

అందరికీ ఒకే పని పంచిపెడతామని ఇంకో అపోహ. మానియాలో, అంటే ఉత్సాహం, హుషారు హద్దు మీరిన దశలో ఉన్న మనిషిని సందడిగా ఉన్న పెద్ద గ్రూపులో కూర్చోబెడితే అగ్గికి ఆజ్యం పోసినట్టే. చిన్నది, త్వరగా ముగిసేది, ఒక్కరే చేసుకోగలిగేది ఇవ్వాలి. తీవ్రమైన డిప్రెషన్లో ఉన్నవాళ్లకు స్నానమంటేనే గండం. ఇవాళ మొహం కడుక్కుంటే చాలు, తల దువ్వుకోవడం రేపటి మాట. కత్తెరలు, సూదులు లెక్కపెట్టి ఇవ్వాలి, లెక్కపెట్టి తీసుకోవాలి, లెక్క తేలేదాకా ఎవరూ గది దాటకూడదు. ఇంత హైరానా ఉన్న టైంపాస్ ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, అందులో చేరతాను.

ఇదంతా మేం సొంతంగా అల్లుకున్న గొప్పలూ కావు. 1917లో అమెరికాలో ఈ వృత్తికి సంఘం పెట్టినవాళ్లలో విలియం రష్ డంటన్ అనే సైకియాట్రిస్టు ఉన్నాడు. పని, ఆట, విశ్రాంతి, నిద్ర, ఈ నాలుగింటి లయ కుదరాలని 1922లో రాసిన అడాల్ఫ్ మేయర్ కూడా సైకియాట్రిస్టే. అంటే డాక్టర్లు మరిచిపోయింది వాళ్ల పెద్దల మాటే. బ్రిటన్‌లో మూడు మానసిక ఆస్పత్రుల్లో స్కిజోఫ్రీనియా ఉన్న మహిళలను కొన్నేళ్లు గమనించి, వింగ్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు 1970లో ఫలితాలు ప్రచురించారు. ఏమీ చేయకుండా గడిపే సమయం తగ్గడానికీ, వాళ్లు మెరుగుపడటానికీ గట్టి సంబంధం కనిపించింది. వాళ్లు ఏళ్లతరబడి ఆస్పత్రిలో ఉన్నవాళ్లు, మా వార్డులో ఉండేది కొద్ది రోజులే, ఒప్పుకుంటాను. అయితే మాత్రం, ఆ కొద్ది రోజులూ గోడవైపు తిరిగి పడుకోవడంతోనే గడవాలా?

మా చరిత్రలో మచ్చ లేదని కాదు. పాతకాలపు అసైలమ్‌లలో (మానసిక రోగులను ఉంచే ఆస్పత్రుల్లో) బట్టలుతకడం, పొలం పని రోగుల చేతే చేయించి ఖర్చు మిగుల్చుకున్నారు, దానికి చికిత్స అని పేరు. అందుకే ఏం చేయాలో ఎంచుకునే హక్కు, "ఇవాళ నేను చేయను" అనే హక్కు పేషెంటుకు ఉండితీరాలి.

మావాళ్ల మీద కూడా నాకు కోపముంది. 'గ్రూపుకు వచ్చారు, చక్కగా పాల్గొన్నారు' అని ఒక ముక్క రాసి సంతకం పెట్టేస్తే దాన్ని ఎవరు చదువుతారు? ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో, ఎంత సాయం చేస్తే దాటారో రాయాలి. పైగా ఆఫీసు వేళలు ముగియగానే మేం ఇంటికి పోతాం. వార్డులో పొద్దు గడవనిది సాయంత్రాలూ ఆదివారాలే. స్టాఫ్ తక్కువైన రోజు ముందుగా రద్దయ్యేదీ మా గ్రూపే. ఇంజెక్షన్ల రౌండును అలా రద్దు చేస్తారా?

పేషెంట్ల ఇంట్లోవాళ్లకు ఒక మాట. డిశ్చార్జ్ రోజున మందుల చీటీ ఒక్కటే పట్టుకుని బయల్దేరకండి. పొయ్యి దగ్గర ఒంటరిగా వదలొచ్చా? మాత్రలు తనంతట తాను చూసుకుని వేసుకోగలరా? పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం చేస్తారు? ఇవి చేయించి చూశారా అని అడగండి. "ఆక్యుపేషనల్ థెరపిస్టు లేరండీ" అంటే, మరి ఎవరు చూశారని అడగండి.