సెన్సర్ డ్రైవరు నిర్దోషి

పాత కంప్యూటర్లు ఉన్నట్టుండి బిగుసుకుపోతున్నాయనీ, దానికి సెన్సర్ డ్రైవర్లే (లోపలి వేడి, ఫ్యాన్ వేగం చదివే సాఫ్ట్‌వేర్లే) కారణమనీ కొందరు నిందలేస్తున్నారు. ఇది దారుణం. ఆ డ్రైవరు చేసిన పాపమేమిటి? "ఒళ్ళు వేడిగా ఉందా?" అని అడిగింది. అంతేగా!

అడిగే పద్ధతే కాస్త వేరు. చాలా మదర్‌బోర్డుల్లో టెంపరేచర్, ఫ్యాన్ వేగం చూసే చిప్పుకు రెండు పోర్టులు (దానితో మాట్లాడే ద్వారాలు) ఉంటాయి. మొదటిదాంట్లో ఏ రిజిస్టరు (చిప్పులోని నంబరున్న గడి) కావాలో రాయాలి, రెండోదాంట్లో జవాబు చదువుకోవాలి. కొన్ని బోర్డుల్లో బయోస్ (బోర్డులోనే ఉండే మూల ప్రోగ్రాం) కూడా అదే చిప్పుతో మాట్లాడుతూ ఉంటుంది. అది రిజిస్టరు నంబరు రాసి తిరిగి చూసేలోగా, మన డ్రైవరు దూరి ఇంకో నంబరు రాసేస్తుంది. ఇక బయోస్ ఒకచోట రాయాల్సింది ఇంకోచోట రాస్తుంది. ఫ్యాన్ ఆగొచ్చు, మెషీనే ఆగొచ్చు. పరామర్శకు వెళ్ళినప్పుడు ఇలాంటివి మామూలే.

2009లో లైనక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వాళ్ళు, బయోస్ తనవని చెప్పుకున్న పోర్టుల జోలికి డ్రైవర్లు వెళ్ళకుండా అడ్డుకట్ట వేశారు. దాన్ని తీసేసే బూట్ ఆప్షన్ (మెషీన్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే సెట్టింగు) కూడా వాళ్ళే పెట్టారు. మనవాళ్ళు చదివింది ఆ రెండో వాక్యమే.

అంతకుముందు ఐబీఎమ్ థింక్‌ప్యాడ్ల ముచ్చట ఒకటుంది. సెన్సర్లు ఎక్కడున్నాయో వెతికే ప్రోగ్రాం "ఎవరైనా ఉన్నారా?" అని బస్సులో (చిప్పులు మాట్లాడుకునే కంప్యూటర్ బస్సేలెండి) కేకేసింది. కొన్ని మోడళ్ళలోని ఈప్రామ్ చిప్పు (కరెంటు పోయినా రాతలు దాచుకునేది) ఆ కేకను "రాయి" అన్న ఆజ్ఞగా తీసుకుని తన రాతలు తానే పాడుచేసుకుంది. ఆ ల్యాప్‌టాప్ మళ్ళీ బూట్ కాలేదు. ఆపరేషన్ సక్సెస్, పేషెంట్ డెడ్. తర్వాత ఐబీఎమ్ పేరు కనబడగానే దండం పెట్టి తప్పుకునేలా ఆ బస్సును నడిపే డ్రైవరును సవరించారు.

విండోస్‌లో విన్‌రింగ్‌జీరో అనే డ్రైవరు మహానుభావుడున్నాడు. ఫ్యాన్ వేగం చూపిస్తానని కెర్నెల్ (విండోస్ గుండెకాయ) తాళాలు తీసుకుని, అడిగిన ప్రోగ్రాముకల్లా ఇచ్చేవాడు. 2025లో విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ పట్టుకుంటే జనం తిట్టింది డిఫెండర్నే.

ఇంత సాహసానికి ఫలితం? వైరే తగిలించని సెన్సర్ నుంచి మైనస్ 128 డిగ్రీలు! అంటార్కిటికాలోని వోస్టోక్ కేంద్రంలో 1983లో నమోదైన ప్రపంచ రికార్డే మైనస్ 89.2. మన టేబుల్ కింద డబ్బా దాన్ని ఎప్పుడో దాటేసింది, గర్వించాలి.

ప్రస్తుతం కొందరు, మెషీన్ ఎందుకు పడిపోతోందో కనిపెట్టడానికి ఇంకో మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వేస్తున్నారు. అది తెరవగానే ముందు అడిగేది టెంపరేచరేనట.